ఒక్క 'కట్'కు ఎన్ని క్రియలు బలి?

ఆంగ్లమున 'కట్' అను క్రియ చిన్నది. దాని యర్థములు మెండు. కోయుట, తగ్గించుట, నిలిపివేయుట, అడ్డు తగులుట, ఎగగొట్టుట - అన్నియు దానిలోనివే. దీనిని జూపి మన యువకులు కొందఱు, "ఒక్క మాటతో నిన్ని పనులు జరుగుచుండగా తెలుగునకు పది మాటలేల?" యని యడుగుచున్నారు. ఈ వాదము వినుటకు సొంపుగా నున్నది గాని నిలువదు.

ఆంగ్లేయుడే యొక్క 'కట్'తో తృప్తి చెందలేదు. పంటకు 'రీప్', దుంగకు 'హ్యూ', గొఱ్ఱె యున్నికి 'షియర్', కొమ్మలకు 'ప్రూన్', రొట్టెకు 'స్లైస్', కొయ్యబొమ్మకు 'కార్వ్' అని వేర్వేరు క్రియలను దాచుకొన్నాడు. మనవారు తెలుగును విడిచి, ఆంగ్లపు సంపదనైనను గైకొనక, ఒక్క మాటను మాత్రము పట్టుకొని తిరుగుచున్నారు.

మన యిండ్లలో నేమున్నది? కత్తిపీటపై వంకాయను తరుగుదుము. కొడవలితో వరి కోయుదుము. గొడ్డలితో చెట్టు నరుకుదుము. కత్తెరతో గుడ్డ కత్తిరింతుము. పెన్సిలు చెక్కుదుము, దారము తెంపుదుము, కొత్తిమీర తుంచుదుము, గోళ్లు తీసికొందుము. క్రియ వినినంతనే పనిముట్టును, వస్తువును, చేతి కదలికయు కన్నులకు గట్టును. జీతములో సొమ్ము పట్టుకొందురు; బడి యెగగొట్టుదురు; చెఱువుకట్టకు గండి కొట్టుదురు. వీనికన్నిటికి 'కట్ చేయు' టయే చాలునట! పైగా తెలుగున 'కట్టు' అనగా బంధించుట. "తాడు కట్టు", "తాడు కట్ చేయి" - ఈ రెంటి నడుమ పసివాడేమి కావలెను?

రైలు, బస్సు, టిక్కెట్టు మనలో గలసిపోయినవి; వానిపై మాకు పగ లేదు. అవి క్రొత్త వస్తువులతో వచ్చిన పేర్లు. 'కట్' క్రొత్త పనిని దేలేదు. ఉన్న క్రియలను వెడలగొట్టినది. కోయుట యెఱుగని బిడ్డకు 'కడుపుకోత' యన్న మాటలోని బాధ యెట్లు తెలియును? 'కోతలు కోయుట' లోని యెగతాళి యెట్లు తెలియును?

ఆంధ్రదేశమున నున్నవారికి బడి యున్నది, బజారున్నది. బళ్లారి, బరంపురము, హోసూరు, షోలాపురములలోని మనకు వీధిభాష వేఱు. తమిళనాట 2006 నాటి తమిళాభ్యాస చట్టము తరువాత బడిలో తమిళమే మొదటి భాగపు భాష యైనది. ఇక మనకు మిగిలిన తెలుగు బడి వంటయిల్లే. అచ్చట తల్లియే "కట్ చేయి" అనినచో తెలుగు చెప్పువారెవరు? పొరుగువారిని నిందింపబోకుడు. కన్నడిగుని 'కొయ్యి', తమిళుని 'కొయ్' మన 'కోయు'నకు తోబుట్టువులే. మన క్రియలను మన నోటినుండి తఱిమినవారు వారు గారు, మనమే.

కావున సోదర సోదరీమణులారా, సభలలో భాషాభిమానమును జాటుట తరువాత చూచుకొందము. రేపు ఉదయము కూర తరుగునపుడు, బిడ్డను ప్రక్కన గూర్చుండబెట్టుకొని, 'తరుగు' మని తెలుగున జెప్పుడు.