గ్రూపు తేల్చేది పిల్లలా, బస్సు రూటా?

ఏప్రిల్ చివర్లో పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఏ ఇంట చూసినా ఒకటే మాట. మార్కుల కాగితం పట్టుకుని తల్లి బడికొస్తుంది. "ఏ గ్రూపులో వేయమంటారు మాస్టారూ?" "లెక్కలు బాగా చేస్తాదమ్మా, చరిత్రన్నా ప్రాణం పెడతాది" అంటారు మాస్టారు. పక్కనే నిలబడ్డ తండ్రి అసలు ప్రశ్న అడుగుతాడు: "అది సరేనండి, మన బస్సెళ్లే కాలేజీలో ఏటున్నాది?" ఆ కాలేజీలో ఎంపీసీ ఉంటే ఎంపీసీ, బైపీసీ ఉంటే బైపీసీ. లెక్కలూ చరిత్రా కలిపి చదివే దారి ఉందా అన్న ప్రశ్న ఆ ఇంటిదాకా రానే రాదు.

కాగితం మీద మాత్రం ఆ దారి ఉంది. ఆర్ట్స్, సైన్స్, వృత్తివిద్య మధ్య గోడలు ఉండకూడదని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. 2023లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మరో అడుగు వేసింది. 9, 10 తరగతుల్లో మూడు భాషలు, గణితం, సైన్స్, సాంఘికశాస్త్రంతో పాటు కళలు, వ్యాయామం, వృత్తివిద్య, పర్యావరణం అందరూ చదవాలంది. 11, 12 తరగతుల్లో రెండు భాషలు, వాటిలో ఒకటి తప్పకుండా భారతీయ భాష, మిగిలిన నాలుగు సబ్జెక్టులు ఒకే గూటివి కాకుండా వేర్వేరు వర్గాల నుంచి ఎంచుకోవాలంది. మన ఇంటర్మీడియట్ బోర్డు కూడా 2025-26 నుంచి కదిలింది. గణితం ఎ, బి పేపర్లు ఒకటయ్యాయి. బోటనీ, జువాలజీ కలిసి జీవశాస్త్రమైంది. గణితం, జీవశాస్త్రం రెండూ చదవాలనుకునేవారికి ఎంబైపీసీ వచ్చింది. ఇంగ్లిష్ తప్పనిసరి, రెండో భాష ఉండే చోట మరో భాషగానీ, వేరే గ్రూపు సబ్జెక్టుగానీ తీసుకోవచ్చు.

ఎంపీసీ చదివే పిల్ల చరిత్ర తీసుకోవడానికి నిబంధన ఇక అడ్డు కాదు. అడ్డల్లా ఒకటే: మండల కేంద్రంలోని కాలేజీలో చరిత్ర లెక్చరర్ ఉండాలి. ఉన్నా, ఆయన క్లాసు సమయానికి ఆ పిల్లకు ఫిజిక్స్ ల్యాబ్ ఉండకూడదు. ఐచ్ఛిక సబ్జెక్టుల సంస్కరణ గెలిచేదీ ఓడేదీ టైంటేబుల్ గళ్లలోనే. అక్కడ ఎవరూ పనిచేయకుండా ఉత్తర్వులు ఎన్ని వచ్చినా పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

ఇది ఇవాళ కొత్తగా దొరికిన పాఠం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల ఎస్సెల్సీలో తప్పనిసరి సబ్జెక్టుల పక్కన ఐచ్ఛికాలు ఉండేవి. 1952-53లో మొదలియార్ కమిషన్ మల్టీపర్పస్ హైస్కూళ్లు పెట్టమంది. మానవీయ శాస్త్రాలు, సైన్స్, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలిత కళలు, గృహవిజ్ఞానం అని ఏడు పాయలు సూచించింది. ఊహ మంచిదే. కానీ వర్క్‌షాపులు, పనిముట్లు, ఆ సబ్జెక్టులు చెప్పగల మాస్టార్లు సరిపడా రాలేదు. తర్వాత వచ్చిన కొఠారీ కమిషన్ పదో తరగతి దాకా అందరికీ ఒకే చదువు, ఎంపిక ఆ పైనే అని తేల్చింది. డెబ్బై ఏళ్ల కిందట మల్టీపర్పస్ బడిని ముంచిన కొరతే ఇప్పుడు ఇంటర్ ఐచ్ఛికాలకూ ఎదురు నిలిచింది.

తప్పనిసరి సబ్జెక్టుల సంగతికొస్తే, పదో తరగతిలో ఆరొందల మార్కులు మూడు భాషలు, గణితం, సైన్స్, సోషల్ పంచుకుంటాయి. డ్రాయింగ్, క్రాఫ్ట్, ఆటల పీరియడ్లు టైంటేబుల్లో కనిపిస్తాయి కానీ, డిసెంబరులో వంద రోజుల ప్రణాళిక మొదలవగానే ఒక్కొక్కటీ గణితం మాస్టారి చేతికో, సైన్స్ మేడమ్ చేతికో వెళ్లిపోతాయి. వాళ్లనీ తప్పుపట్టలేం. బడి పేరు నిలబెట్టేది ఉత్తీర్ణత శాతమే అయినప్పుడు, మార్కులు లేని పీరియడ్‌ను కాపాడేది ఎవరు? పైగా ఎచ్చెర్లలోని ట్రిపుల్ ఐటీ సీటు ఈ మార్కులతోనే వస్తుంది. కూలి చేసుకునే ఇంటి బిడ్డకు ఆరేళ్ల చదువు, బీటెక్ పట్టా ఆ ఆరొందల మీద ఆధారపడి ఉంటే, ఆ కుటుంబం డ్రాయింగ్ గురించి ఆలోచించలేదు. ఐచ్ఛికం పెట్టేవాళ్లు ముందు ఈ భయం తీర్చాలి. అందులో చూపిన ప్రతిభ పిల్లవాడికి కలిసి రావాలి తప్ప, దానివల్ల అతను నష్టపోకూడదు.

సిలబస్ గురించి పోట్లాడటం ఈ నేలకు కొత్త కాదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ల భాష తనకు రావాలని సవర నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. తెలుగు పిల్లలను ఎవరూ మాట్లాడని భాషలో వ్యాసాలు రాయమనడం అన్యాయమని ఆయన, విజయనగరంలో గురజాడ అప్పారావు, విశాఖలో పి.టి. శ్రీనివాస అయ్యంగార్, స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్ ఒక్కమాట మీద నిలబడ్డారు. స్కూల్ ఫైనల్ వ్యాసరచనలో వాడుక భాషకు కొన్నాళ్లు చోటు దొరికింది. జయంతి రామయ్య పంతులు వంటి పండితులు ఎదురు తిరిగారు. గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం రాశారు. ఆ వెసులుబాటు నిలవలేదు, వాడుక భాష బడిపుస్తకాల్లో కుదురుకోవడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. ప్రశ్నపత్రంలో ఒక్క అంశం కోసం వాళ్లు ఇంత పట్టుబట్టారు.

అలాంటి చోట ఇప్పుడు ఇంటర్ పిల్లలు చరిత్రో, అర్థశాస్త్రమో కావాలంటే తెలుగును వదులుకోవాలి. ఇది సరైన బేరం కాదు. జాతీయ చట్రమే పన్నెండో తరగతి దాకా ఒక భారతీయ భాష ఉండాలంటున్నప్పుడు, మన బోర్డు భాషనూ సబ్జెక్టునూ ఒకే కుర్చీ కోసం పోటీకి దింపకూడదు. ఇంగ్లిష్, ఒక భారతీయ భాష తప్పనిసరిగా ఉంచి, ఆపైన ఐచ్ఛికం ఇవ్వాలి. ఆ భారతీయ భాష ఇచ్ఛాపురం, కవిటి వైపు పిల్లలకు ఒడియా కావచ్చు. ఇంట్లో ఒడియా, బజారులో తెలుగు మాట్లాడే పిల్లలు అక్కడ ఎందరో ఉన్నారు.

తప్పనిసరి పాఠం అందరికీ ఒకటే కావాలి. అయితే అది ఎక్కడివాళ్లకు అక్కడి జీవితం మీదుగా వెళ్లాలి. 2024-25 నుంచి మన పదో తరగతి పిల్లలు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే చదువుతున్నారు. సైన్స్‌లో జీవక్రియల పాఠంలో నెఫ్రాన్ బొమ్మ ఉంటుంది, పక్కనే కృత్రిమ మూత్రపిండం గురించి చిన్న పెట్టె ఉంటుంది. ఆ పేజీ సోంపేటలోనో కవిటిలోనో తెరిచినప్పుడు, ఆ తరగతిలో డయాలసిస్‌కు వెళ్లే తాత ఉన్న పిల్లవాడు ఉంటాడు. క్రియాటినిన్ ఎంతుందో ఇరుగుపొరుగు ఆడవాళ్లు గుమ్మం ముందు మాట్లాడుకునే ప్రాంతం ఉద్దానం. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణమేమిటో పరిశోధకులు ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు. ఈ పాఠం అక్కడ బొమ్మ గీసి భాగాలు గుర్తించడంతో ఆగకూడదు. ఊళ్లోని బోరు నీళ్లు, హిరమండలం నుంచి కుళాయికొచ్చే నీళ్లు తెచ్చి పరీక్షించడం, రక్తపరీక్ష కాగితం ఎలా చదవాలో తెలుసుకోవడం, పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ పరిశోధన కేంద్రం నుంచి ఒక డాక్టరును పిలిపించి ప్రశ్నలు అడగడం అందులో భాగం కావాలి. దీనికి కొత్త పుస్తకం అక్కర్లేదు. టీచరుకు నాలుగు పీరియడ్లు అదనంగా ఇస్తే చాలు, ఆ నాలుగింటినీ ఎవరూ గుంజుకోరని హామీ ఇస్తే చాలు.

ఐచ్ఛికం ఎలా ఉండాలో చూడాలంటే పొందూరు వెళ్లాలి. అక్కడ ఖాదీ పనిలో పత్తిని మొదట దువ్వేది వాలుగ చేప దవడతో. దాని సన్నని పళ్ల వరస పత్తిలోని చెత్తను లాగేసి పోగులను వరసగా పడుకోబెడుతుంది. తర్వాత గింజ తీస్తారు, ఏకి ఏకులు చుడతారు, ఒంటికదురు రాట్నం మీద ఆడవాళ్లు నూలు వడుకుతారు. నూరో కౌంటు దాకా సన్నగా తీస్తారు. పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది అన్నో కౌంటు. అంటే నూరో కౌంటులో పౌనుకు 84,000 గజాలు, గ్రాముకు ఇంచుమించు 169 మీటర్లు. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఈ లెక్క తనే చేసి, గ్రాము నూలును తూచి, పొడవు కొలిచి సరిచూసుకుంటే నిష్పత్తి అంటే ఏమిటో జన్మలో మరిచిపోడు. చక్రం ఒక్క చుట్టు తిరిగితే కదురు ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది భౌతికశాస్త్రం. చేప పళ్లు జీవశాస్త్రం. వడికిన మనిషికి రోజుకు ఎంత ముడుతుంది, ఆ బట్ట అంగట్లో ఎంతకు అమ్ముతారు అన్నది అర్థశాస్త్రం. గుర్రం గాడిదల్లా విడిగా కట్టేసిన సబ్జెక్టులన్నీ ఇక్కడ ఒకే బండికి కట్టుకుంటాయి.

ఇక్కడొక హెచ్చరిక చెప్పి తీరాలి. 1953లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో సగం పూట బడి, సగం పూట తల్లిదండ్రుల వృత్తి అన్న పథకం తెచ్చింది. కులవృత్తిని పిల్లల నెత్తిన రుద్దడమేనని జనం తిరగబడ్డారు, మరుసటి ఏడాది అది రద్దయింది. ఆ కోపం న్యాయమైనది. స్థానిక వృత్తుల ఐచ్ఛికం నేతగాడి కొడుకును మగ్గానికి, మత్స్యకారుడి కూతుర్ని వలకు కట్టేసే ఏర్పాటుగా మారితే అంతకన్నా ద్రోహం లేదు. కాబట్టి రెండు షరతులు ఉండాలి. పొందూరు ఐచ్ఛికం డాక్టరుగారి అమ్మాయికీ, కూలీ కొడుక్కీ ఒకేలా తెరిచి ఉండాలి. ఏ ఐచ్ఛికం తీసుకున్నా పై చదువుల్లో ఏ తలుపూ మూసుకోకూడదు, అంటే గణితం, సైన్స్, భాషలు అందరికీ ఒకే స్థాయిలో సాగాలి. పేదపిల్లలకు చేతిపని, ఉన్నవాళ్ల పిల్లలకు ఐఐటీ కోచింగ్ అని విడిపోతే ఈ సంస్కరణను వ్యతిరేకించాల్సిందే.

విజయనగరం మహారాజా సంగీత కళాశాల సంగతి మరీ బాధ. అంధుడైన ఒక కుర్రాడికి చదువు చెప్పించే దారి వెతుకుతూ విజయరామ గజపతిరాజు 1919లో దాన్ని పెట్టారని ఊళ్లో చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, తర్వాతివారు ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల, సుశీల అక్కడే నేర్చుకున్నారు. నూరేళ్లు దాటినా అక్కడ గాత్రం, వీణ, వయొలిన్ చెబుతూనే ఉన్నారు. కానీ అదే ఊళ్లోని హైస్కూలు పిల్లవాడు నాలుగేళ్లు వయొలిన్ సాధన చేసినా, పదో తరగతి ఆరొందల మార్కుల్లో దానికి ఒక్క మార్కు చోటు లేదు. గురువులున్నారు, గదులున్నాయి, నేర్చుకునే పిల్లలున్నారు. బడికీ కళాశాలకూ మధ్య ఒక్క ఒప్పందం లేదు. వీణలు చేసే గొల్లపల్లి బొబ్బిలికి ఆనుకునే ఉంది. చెక్కను బట్టి, తీగ పొడవును బట్టి స్వరం ఎలా మారుతుందో అక్కడ చూసిన పిల్లలకు ధ్వని పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు.

ప్రతి బడికీ ప్రతి సబ్జెక్టుకీ లెక్చరర్‌ను ఇవ్వమంటే ఖజానా తట్టుకోదన్న మాట నిజమే. అందుకే బడినీ కాలేజీనీ ఒంటరిగా చూడటం మానేయాలి. మూడు నాలుగు మండలాలను ఒక గుంపుగా కలిపి, గుంపు మొత్తానికి ఒక చరిత్ర లెక్చరర్‌ను, ఒక కామర్స్ లెక్చరర్‌ను, ఒక సంగీతం టీచరును ఇవ్వవచ్చు. నైర వ్యవసాయ కళాశాల, శ్రీకాకుళం పాలిటెక్నిక్, విజయనగరం సంగీత కళాశాల, పలాస జీడిపప్పు పరిశ్రమ లెక్కల గదులు ఇవన్నీ ఆ గుంపుల తరగతి గదులు కావాలి. శనివారాన్ని నో బ్యాగ్ డేగా ఎలాగూ ప్రకటించారు కాబట్టి ఐచ్ఛికాలకు ఆ రోజే పెట్టవచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగులో టికెట్ లేదు, మగపిల్లలకు పాస్ ఉంది. ఆర్టీసీ డిపో మేనేజరు, గుంపులోని హెడ్మాస్టర్లు ఒక పూట కూర్చుంటే శనివారం బస్సు వేళలు తేలిపోతాయి.

ప్రభుత్వాలు మాత్రం ఓపిక పట్టాలి. 2022-23లో వెయ్యి ప్రభుత్వ బడులను సీబీఎస్ఈకి మార్చారు, 2024లో తిరిగి రాష్ట్ర బోర్డుకు తెచ్చారు. ఆ పిల్లలు ఏ ప్రశ్నపత్రానికి తయారవ్వాలో తెలియక మధ్యలో నలిగిపోయారు. ఐచ్ఛికాలు పెట్టాక, ఒక బ్యాచ్ తొమ్మిదిలో చేరి పన్నెండు పూర్తిచేసేదాకా నాలుగేళ్లు వాటి జోలికి ఎవరూ రాకూడదు.

రెండు జిల్లాల విద్యాశాఖాధికారులు జూన్‌లో బడి తెరిచేలోగా ఏ మండలంలో ఏ ఐచ్ఛికానికి టీచరున్నారో జాబితా తయారుచేసి ప్రతి హైస్కూలు గోడమీద అంటించాలి. వచ్చే మెగా పేరెంట్ టీచర్ మీట్‌లో తల్లిదండ్రులు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టే ముందు ఆ జాబితా ఏదని హెడ్మాస్టరును అడగాలి. జాబితా లేకపోతే ఎప్పటికి పెడతారో తేదీ చెప్పమని, ఆ తేదీని మినిట్స్ పుస్తకంలో రాయించాలి.