ఆడనివ్వని మ్యాచ్‌ల లెక్క

మా శాండ్రింగ్‌హామ్ రోడ్డులో మన కిరాణా కొట్లూ దోసె హోటళ్ళూ దాటి ఉత్తరంగా నడుస్తూ పోతే ఈడెన్ పార్క్ వస్తుంది. చుట్టాలెవరైనా వస్తే అక్కడికి తీసుకెళ్ళి మూడు సంగతులు చెప్పడం మాకు అలవాటు. 1955లో న్యూజీలాండ్ 26 పరుగులకే ఆలౌటైంది ఇక్కడే. టెస్టుల్లో అంతకన్నా తక్కువ స్కోరు ఇప్పటిదాకా లేదు. 1994లో సచిన్ వన్డేల్లో మొదటిసారి ఓపెనర్‌గా దిగి 49 బంతుల్లో 82 కొట్టింది ఇక్కడే. 2005 ఫిబ్రవరి 17న మొట్టమొదటి అంతర్జాతీయ ట్వంటీ20 జరిగిందీ ఇక్కడే.

ఆ మూడో సంగతిలో 'పురుషుల' అన్న మాట జారిపోయింది. అంతకు ఆరు నెలల ముందే, 2004 ఆగస్టు 5న, ఇంగ్లండ్‌లోని హోవ్‌లో న్యూజీలాండ్ అమ్మాయిలు ఇంగ్లండ్‌తో ట్వంటీ20 ఆడి గెలిచారు కూడా. చుట్టాలకి ఆ సంగతి ఎవరూ చెప్పరు.

ఇదే ఈడెన్ పార్క్‌లో 2022 మార్చి 19న మన మిథాలీ రాజ్ ఆస్ట్రేలియా మీద 68 పరుగులు చేసింది. పుట్టింది జోధ్‌పూర్‌లో, ఇంట్లో తమిళం, ఆట నేర్చింది సికింద్రాబాద్‌లో. అందుకే 'మన' అన్నాను. అది ఆమెకు ఆరో ప్రపంచ కప్. మహిళల్లో అన్ని ఆడినవాళ్ళు అప్పటికి మరొకరు లేరు. మొదటిది 2000లో, అదీ న్యూజీలాండ్‌లోనే, పద్దెనిమిదేళ్ళు నిండీ నిండని వయసులో. రిటైరయ్యే నాటికి 232 వన్డేల్లో 7805 పరుగులు. అప్పటికి మహిళల వన్డేల్లో అవే అత్యధికం.

ఇవి అందరికీ తెలిసిన అంకెలు. నన్ను పట్టుకున్నది పక్కనున్న చిన్న అంకె: టెస్టులు, 12.

2002 ఆగస్టులో టాంటన్‌లో, తన మూడో టెస్టులోనే, ఆమె ఇంగ్లండ్ మీద 214 కొట్టింది. వయసు 19. అప్పటికి అది మహిళల టెస్టుల్లో ప్రపంచ రికార్డు. అలాంటి బ్యాటర్ మన దగ్గరుంటే ఏం చేస్తాం? 2006 తర్వాత 2014 దాకా మన మహిళల జట్టు ఒక్క టెస్టూ ఆడలేదు. 2014లో రెండు ఆడి, మళ్ళీ 2021 దాకా లేదు. ఆమెకు 23 నుంచి 38 ఏళ్ళ మధ్య, అంటే బ్యాటింగ్ పండే వయసంతా, టెస్టుల వరకూ దాదాపు అలాగే గడిచిపోయింది. అదే హైదరాబాద్ నుంచి వెళ్ళిన లక్ష్మణ్ పదహారేళ్ళలో 134 టెస్టులు ఆడాడు. ఈమె రెండు దశాబ్దాలు దాటిన కెరీర్‌లో 12.

నా ఉద్యోగం డేటాబేసులతో. అక్కడ సున్నాకీ ఖాళీకీ చాలా తేడా. సున్నా అంటే ఆడి పరుగులు చేయకపోవడం. ఖాళీ అంటే అసలు ఆడే అవకాశమే రాకపోవడం. రెంటినీ కలిపేస్తే రిపోర్టు తప్పుతుంది. క్రికెట్ రికార్డుల్లో ఆడిన మ్యాచ్‌కే వరుస ఉంటుంది. ఆడనివ్వని ఏళ్ళకి గడి కూడా ఉండదు. అందుకే 699 టెస్టు పరుగులని చూసినవాళ్ళు 'అంతేనా' అనుకుని ముందుకెళ్ళిపోతారు. సగటు దాదాపు 44 అని గమనించేవాళ్ళు తక్కువ.

టాంటన్ తర్వాత మన మహిళల నుంచి రెండో టెస్టు డబుల్ సెంచరీ 2024లో వచ్చింది. చెన్నైలో దక్షిణాఫ్రికా మీద షెఫాలీ వర్మ 205. మధ్యలో 22 ఏళ్ళు. ఇన్నేళ్ళూ కొట్టగలవాళ్ళు లేరని నేననుకోను.

2025లో ప్రపంచ కప్ గెలిచిన జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఇకముందు ఆమె వికెట్లు ఎన్నో మనవాళ్ళంతా లెక్కపెడతారు, నేనూ పెడతాను. దాంతోపాటు ఎన్ని టెస్టులకి పిలుపొచ్చింది, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎన్నేళ్ళు అన్నది కూడా రాసిపెట్టుకుంటాను. మీరూ చూస్తూ ఉండండి.