కెమెరాను తూచవలసిన విధము

కెమెరా కొనదలచినవారు ఖమ్మము అంగళ్లలో మొట్టమొదట విచారించునది దాని పరిమాణమును బరువును. అమ్మువారు అరచేతిలో ఉంచునది మాత్రము లెన్సు తగిలింపని ఒట్టి బాడీ. ఈ తూనిక న్యాయమైనది కాదని నా అభిప్రాయము. 2020లో వెలువడిన సోనీ ఆల్ఫా 7సి, బ్యాటరీతో కూడ 509 గ్రాములే. కాని దూరమునున్న వస్తువును సమీపమునకు తెచ్చుటకై అదే సంస్థవారి రెండవ తరపు 70-200 మి.మీ. ఎఫ్ 2.8 లెన్సును దానికి బిగించినచో, ఆ లెన్సొక్కటే 1045 గ్రాములు తూగి, మొత్తము కిలోన్నర దాటును. 2019 నాటి ఆర్ఎక్స్100 మార్క్ 7 అను చిన్న కెమెరా, 24 నుండి 200 మి.మీ. వరకు చూపగల తన విడదీయరాని లెన్సుతో సహా, 302 గ్రాములు.

ఇందు తయారీదారుల లోపమేమియు లేదు. లోపలి అద్దమును తొలగించి బాడీని ఎంత కుదించినను, 200ను 2.8చే భాగించగా వచ్చు 71 మి.మీ. వెడల్పున కాంతికి ద్వారమీయక ఆ లెన్సు పని చేయజాలదు. పెద్ద కెమెరా సెన్సారు 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు, చిన్నదానిది 13.2కు 8.8, వైశాల్యమున ఏడు రెట్లకు మించిన వ్యత్యాసము. ముక్కోటికి ముందునాటి సంధ్యవేళ భద్రాచలమున గోదావరిపై హంసవాహనమెక్కి స్వామి విహరించునపుడు, గట్టున జనసమ్మర్దములో నిలిచి తెప్పోత్సవమును చిత్రింపబూనినవానికి ఆ వ్యత్యాసము ప్రత్యక్షముగా తెలియును: చిన్న కెమెరా స్వామిని చేరువకు తెచ్చును గాని, ఆ మసక వెలుగులో చిత్రమంతయు రేణువులమయము చేసివైచును. అచ్చట కిలోన్నర మోయవలసినదే.

ఇక తెర మాట. అయిదింతల బరువు మోసినవానికి అయిదింతల తెర లభించునా? రెండింటి తెరయు మూడంగుళములే, చుక్కల సంఖ్యయు 9,21,600. కంటికానించి చూచు వ్యూఫైండరు సైతము రెండింట ఒకే పరిమాణము. అనగా అదనపు ధనమంతయు కాంతిని గ్రహించుటకే గాని, మనము చూచుకొనుటకు కాదు. జేబులోని ఫోను తెర ఈ రెండింటినీ వెక్కిరించుచుండును. అది వేరు సంగతి.

ముదిగొండ పరిసరముల మిరప కల్లములయొద్ద మిట్టమధ్యాహ్నము ఏ తెరయైనను నల్లబడి కానరాదు. వ్యూఫైండరు లేని చౌక కెమెరా అచ్చట గ్రుడ్డిది. ఛత్తీస్‌గఢ్ అడవుల నుండి భద్రాచలము మీదుగా మిరప కోతకు వచ్చిన స్త్రీలు నేలపై కూర్చుండి కాయలు ఏరుచుండగా, నిలువెత్తు మనిషి ముఖమునకు యంత్రమడ్డుపెట్టుకొని వారి మీదికి వంగుట నాకు రుచింపదు. 1929 నాటి రోలీఫ్లెక్సు ఛాయాగ్రాహకుని తలవంచుకొని, నడుమెత్తున కెమెరా పట్టి చూడనిచ్చినది. పైకి మడచు తెరగల చిన్న కెమెరాకు, చెట్టు నీడ దొరికినచో, ఆ మర్యాద నేటికిని కలదు. ఆల్ఫా 7సి తెర ఎడమప్రక్కకు తెరచుకొనును. దృష్టి ఒకచోటను లెన్సు మరొకచోటను ఉండుటచే గురి తప్పుచుండును. తన్ను తాను చిత్రించుకొని మాటలాడువారికి అది అనుకూలము కావచ్చును.

లెన్సు మార్చగల కెమెరా కొన్నవారిలో నేనెరిగినవారు పలువురు, పెట్టెతో వచ్చిన లెన్సును ఒక్కనాడును విప్పి ఎరుగరు. విప్పకుండుటయే మేలేమో, గ్రానైటు లారీలు తిరుగు మన రహదారుల ప్రక్కన లెన్సు విప్పిన క్షణముననే సెన్సారుపై దుమ్ము వ్రాలును. పెండ్లిండ్లు, ఉత్సవములు వృత్తిగా గలవారిని మినహాయించి తక్కినవారికి చిన్నదే చాలునని చెప్పుటకు నాకు సంకోచము లేదు. పెద్దదే కావలెనను పట్టుదల గలవారు, ముందు లెన్సు తగిలింపించి త్రాసులో పెట్టించి, పిదప అంగడి గడప దాటి ఎండలో నిలిచి తెర చూచి, అటుపిమ్మట ధర అడుగవచ్చును.