కడుపు చించుకొన్న కాళ్లపై బడునా?

సైబరాబాదున కావలికి కొదువ లేదు. 1998లో సైబర్ టవర్సు వెలసినది మొదలు మాదాపూరు నుండి గచ్చిబౌలి వఱకు లేచిన సౌధములలో, మెడలో గుర్తింపు కార్డు లేనిదే యుద్యోగి తన కుర్చీని సైతము చేరజాలడు. కంపెనీల లెక్కలను, రహస్యములను కాచుటకు వేఱుగ నిపుణులు జీతములు గొనుచున్నారు. ఆ యుద్యోగి బిడ్డను ప్రొద్దున బడికి గొనిపోవు వ్యాను డ్రైవరెవడు? వాని పూర్వచరిత్ర యెట్టిది? తల్లిదండ్రులు వచ్చువఱకు ఆ బిడ్డ యెవరి చేతులలో నుండును? ఈ ప్రశ్నలకు తడుముకొనక జవాబు చెప్పగలవారెందఱు?

ఈ మాట యెత్తగనే కొందఱు పెద్దమనుష్యులు చెవులు మూసికొందురు. ఇట్టివి పసివారి యెదుట పలుకరాదట. వారి నిర్మలత్వము చెడునట! మీరు మౌనము వహించినంత మాత్రమున దుర్మార్గుడు చేతులు ముడుచుకొనునా? బిడ్డ యెఱుగమియే వానికి బలము. తనకు జరిగినదానికి పేరైన తెలియని పసివాడు ఎవరితో నేమని చెప్పుకొనును?

దుండగుడు ఎక్కడినుండియో వచ్చు అపరిచితుడని మఱికొందఱి నమ్మకము. 2007లో కేంద్ర ప్రభుత్వపు స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారించి నివేదిక ప్రకటించినది. నూటికి 53 మంది ఏదో యొక విధమైన లైంగిక దురాగతమునకు గుఱియైనట్లు చెప్పిరి. వారిలో సగమునకు మించి మగపిల్లలే! దురాగతము చేసినవారిలో సగము మంది బిడ్డ యెఱిగినవారు, నమ్మినవారు. "మాకున్నది మగపిల్లవాడు, మాకేమి భయము" అను తండ్రులు ఈ లెక్కను మఱియొకసారి చదువుదురు గాక.

2022 అక్టోబరులో బంజారాహిల్సులోని యొక ప్రైవేటు పాఠశాలయందు నాలుగేండ్ల బాలికపై జరిగిన ఘోరమును నగర మెఱుగును. నేరస్థుడు దారిన బోవువాడు కాడు, ఆ బడి ప్రిన్సిపాలు కారు డ్రైవరు. 2023 ఏప్రిలులో న్యాయస్థానము వానికి 20 ఏండ్ల కారాగారము విధించినది. కంచెయే చేను మేసిన కథ యిది. బిడ్డ చెప్పినది తల్లిదండ్రులు విని ఫిర్యాదు చేసిరి గనుక న్యాయము జరిగినది. వారును పరువునకు వెఱచి యూరకుండియుండిన నేమయ్యెడిది?

"కడుపు చించుకొన్న కాళ్లపై బడును" అను సామెత మన యిండ్లలో నెందఱు బిడ్డల నోళ్లు నొక్కినదో! బాబాయి యని, ట్యూషను మాస్టరని, ఇంటికి పెద్దదిక్కని దోషిని దాచి, బిడ్డను నోరుమూసికొమ్మనుట పరువా? 2012 నవంబరు 14న అమలునకు వచ్చిన పోక్సో చట్టము దీనిని పరువనదు, నేరమనును. సంగతి తెలిసియు పోలీసులకు తెలుపనివానికి ఆరు నెలల వఱకును, తన క్రిందివాని నేరమును దాచిన సంస్థాధిపతికి ఒక సంవత్సరము వఱకును ఖైదు విధింపవచ్చును. బడి పేరు చెడునని గుసగుసలతో సర్దుబాటు చేయు యాజమాన్యములు, వారికి వంతపాడు మావంటి బడిపంతుళ్లు ఈ విషయము గుర్తెఱుగవలెను.

బిడ్డను స్టేషనుల చుట్టు త్రిప్పుదురను భయము కూడ చట్టము తీర్చినది. వాఙ్మూలమును బిడ్డ యింటియొద్దనే తీసికొనవచ్చును. అధికారి యూనిఫారము ధరింపరాదు. బిడ్డ పేరు పత్రికల కెక్కరాదు. హైదరాబాదున 2016 నుండి భరోసా కేంద్రము కలదు. 1098కి ఫోను చేసిన పలుకువారు కలరు. ఇన్ని యుండియు మొదటి మాట మాత్రము ఇంటి నుండియే రావలెను.

మన పెంపకమును గూడ పరీక్షించుకొందము. పెద్దలు చెప్పినట్లెల్ల వినుమని బోధింతుము. బిడ్డ వెనుకకు జంకుచున్నను "మామయ్యకు ముద్దు పెట్టు" మని ముందుకు ద్రోయుదుము. తన దేహము తనదని, వద్దనుటకు తనకు హక్కు కలదని ఆ బిడ్డ యెట్లు తెలిసికొనును? దేహభాగములకు సిగ్గులేని పేర్లు నేర్పుడు. ఎవరైనను "ఇది మన రహస్యము, అమ్మకు చెప్పకు" మన్నచో అదే మొదట అమ్మకు చెప్పవలసిన మాటయని నేర్పుడు. అయినను, వద్దనుట నేర్పితిమి గదా యని చేతులు దులుపుకొనరాదు. నాలుగేండ్ల పసికందు తన్ను తాను కాచుకొనజాలదు. కాచుట మన విధి.

కావున తల్లిదండ్రులారా, రానున్న సమావేశమున మార్కులను గూర్చి యడుగుటకు మునుపు, వ్యానులో నెవరుందురు, డ్రైవరును విచారించితిరా, ఫిర్యాదు వినువారెవరు అని బడివారిని అడుగుడు. బిడ్డ యేదైన చెప్పిన నాడు ముందుగ నమ్ముడు. కడుపు చించుకొన్న కాళ్లపై బడునేమో గాని, దాచిన పుండు ప్రాణము తీయును.