ఉక్కపోతకో లెక్క

పోయిన మే నెలలో నాన్న రొయ్యల చెరువుకి మేత వేస్తూ గట్టు మీద కళ్లు తిరిగి పడిపోయారు. మాది మచిలీపట్నం పక్కన పల్లెటూరు. నేనేమో హైదరాబాద్‌లో ఏసీలో కూర్చుని కోడ్ రాసుకుంటున్నాను. ఎండ 40 డిగ్రీలు దాటితే నాన్న ఫోన్ మోగేలా నేనే ఓ చిన్న ప్రోగ్రామ్ రాసిపెట్టాను. ఆ రోజు అది మోగలేదు. అక్కడ 36 డిగ్రీలే మరి!

రెండు సెలైన్లు ఎక్కాక ఆయన లేచి కూర్చున్నారు. "అంత ఎండ కూడా లేదు కదమ్మా" అన్నాను ఫోన్లో.

"ఎండ కాదురా, ఉక్క. ఒంటి మీద చెమట ఆరితేనా!" అంది అమ్మ.

నా ప్రోగ్రామ్‌లో లేనిది అదే. ఆ రాత్రి మాగ్నస్ సూత్రం ముందేసుకున్నాను. ఉష్ణోగ్రతను 17.67తో హెచ్చవేసి, అదే ఉష్ణోగ్రతకు 243.5 కలిపి దాంతో భాగించాలి. వచ్చినదాని ఎక్స్‌పొనెన్షియల్‌ని 6.112తో హెచ్చవేస్తే, ఆ వేడి దగ్గర నీటి ఆవిరి పీడనం ఎంతవరకు వెళ్లగలదో హెక్టోపాస్కల్స్‌లో వస్తుంది. 36 డిగ్రీలకు దాదాపు 59.5. తేమ 65 శాతం కాబట్టి గాలిలో ఉన్నది 38.7.

చెమట పట్టిన చర్మం 35 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే అక్కడి పీడనం 56.3. చెమటను ఆరబెట్టేది ఈ రెండింటి మధ్య తేడానే. మా ఊళ్లో అది 17.6. అదే రామగుండంలో 42 డిగ్రీలు, 25 శాతం తేమ అనుకోండి. తేడా 35 దాటుతుంది! అంటే గాలి వేగం ఒకటే అయినా మా నాన్న చెమట సగం వేగంతోనే ఆరుతుంది. రామగుండం ఎండ మంచిదని కాదు, అక్కడ నీళ్లు తాగకపోతే ఒళ్లు ఎండిపోతుంది.

తేమ శాతం ఒక్కటే చూసినా మోసపోతాం. తెల్లవారుజామున 26 డిగ్రీలు, 90 శాతం ఉంటే ఆవిరి పీడనం 30 మాత్రమే. మధ్యాహ్నం 65 శాతమే ఎక్కువ ఉక్క. అందుకే యాప్‌లో రెండూ కలిపి చూడండి.

ఇప్పుడు తేడా 20 కంటే తగ్గినా ఫోన్ మోగుతుంది. ఆ 20 నేను పెట్టుకున్న హద్దే, డాక్టర్ చెప్పింది కాదు. మొదటిసారి మోగినప్పుడు నాన్నే ఫోన్ చేశారు.

"ఉక్కగా ఉందని చెప్పడానికి మిషనెందుకురా, నాకు తెలీదా?"

"మరి ఇంటికి బయల్దేరారా నాన్నా?"

కాసేపు మాట లేదు. "ఆ... వెళ్తున్నాలే."