ముందు చిన్నది విప్పనివ్వండి

త్రీఫేజు మోటారు ఉల్టా తిరిగితే మూడు వైర్లలో ఏవో రెండు మార్చి కలుపుతాం. డ్రోన్ మోటారుకీ మూడే వైర్లు. రెండు మారిస్తే అదీ ఎదురు తిరుగుతుంది. పెదనందిపాడులో మోటార్లు వైండింగ్ చేసుకునే నాకు డ్రోనంటే బెరుకు పోయింది అది చూశాకే.

నాలుగు రెక్కల డ్రోన్‌లో ఎదురెదురు మూలల్లోని రెండు మోటార్లు ఒకవైపు, మిగతా రెండూ రెండోవైపు తిరుగుతాయి. నాలుగూ ఒకేవైపు తిరిగితే బాడీ బొంగరమైపోతుంది. ముందుకు పోవాలంటే వెనకవాటి స్పీడు పెంచడమే. 1922లోనే అమెరికాలో జార్జ్ డి బోతెజా నాలుగు రోటర్ల యంత్రాన్ని మనిషితో సహా గాల్లోకి లేపాడు. దాన్ని నిలకడగా నడపడం మాత్రం పైలట్‌కి తలకు మించిన పనైంది. ఇప్పుడు ఆ సర్దుబాటంతా అగ్గిపెట్టెంత బోర్డు చూసుకుంటుంది. వంగుడు ఎంతో, తిరుగుడు ఎంతో సెకనుకి వందలసార్లు కొలిచి ఒక్కో మోటారుకీ చెబుతుంది.

ఇదంతా ఎందుకంటే, మిరప తోటల మీదికి మందు కొట్టే పెద్ద డ్రోన్లు వచ్చేశాయి. 2021-22లో నల్ల తామర పురుగు పూతనంతా నాకేసినప్పుడు తైవాన్ స్ప్రేయర్లు మోసి భుజాలు పడిపోయినవాళ్లకి ఇవి వరమే, కాదనను. నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా సంఘాలకు 80 శాతం సబ్సిడీ, 8 లక్షల దాకా ఇస్తామని కేంద్రం 2023లో చెప్పింది. సరే. పురుగు ఉధృతి మీదుండగా మోటారు కాలితే? బాగుచేసే చెయ్యి ఊళ్లో లేకపోతే ఆ లక్షల యంత్రం వసారాలో మూలన పడుంటుంది, అదను దాటిపోతుంది.

ఆ చెయ్యి తయారయ్యేది చిన్న డ్రోన్ల మీదే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపువాటికీ, సరదాకి ఎగరేసే రెండు కిలోల లోపువాటికీ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 250 గ్రాములు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగులు దాటకూడదు. బాపట్ల పక్కన సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉంది కాబట్టి ఏది ఏ జోనో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడకుండా లేపకండి.

కుర్రాళ్లకి నేను గట్టిగా చెప్పేది బ్యాటరీ గురించి. లిథియం పాలిమర్ సెల్లు నిండితే 4.2 వోల్టులు, 3.5 దగ్గరే డ్రోన్‌ని దింపేయాలి, వాడనప్పుడు 3.8లో ఉంచాలి. మే ఎండలో బండి డిక్కీలో పెట్టారా, ఉబ్బుతుంది, అంటుకున్నా అంటుకుంటుంది. మొదట్లో పత్తి కట్టె పీకేసిన చేలో, కరెంటు తీగలకు దూరంగా, గాలి లేవని పొద్దున పూట ఎగరేయండి.

మన హైస్కూళ్లు కొన్నింటిలో అటల్ టింకరింగ్ ల్యాబులున్నాయి. వాటిల్లో ఎగిరే డ్రోన్ ఒకటి బీరువాలో దాచే బదులు విడి మోటార్లు, బోర్డులు, రెక్కలు, సోల్డరింగ్ ఐరన్లు పెట్టండి. రెక్కలు మాత్రం డజన్ల లెక్కన కొనండి, ఎలాగూ విరుగుతాయి. లాం వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు నెలకొకసారి పెద్ద స్ప్రే డ్రోన్ తెచ్చి ఆ పిల్లల ముందే విప్పితే ఇంకా మంచిది.