రెండవ జాబితా వచ్చేదాకా



పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న బిడ్డ ఉన్న ఇంటికి జూన్, జూలై నెలలు బరువైన నెలలు. మా పెద్దపల్లి చుట్టుపక్కల పల్లెల్లో అట్టి బిడ్డలు చాలామంది బాసర ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టుకుంటారు. పల్లె పిల్లలకు సాంకేతిక విద్య అందాలని 2008లో ఆరంభమైన సంస్థ అది. పదవ తరగతి మార్కులను బట్టి ఎంపిక చేస్తారు. రెండేళ్లు ఇంటర్ స్థాయి చదువు, ఆపైన నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లూ అక్కడే హాస్టల్లో ఉండి చదువుకోవచ్చు. కూలి చేసుకొని బ్రతికే తలిదండ్రులకు ఇంతకన్నా గొప్ప ఆశ ఏముంటుంది? కాని సీట్లు సుమారు 1,500 మాత్రమే. రాష్ట్రమంతటి నుండి పోటీపడే పిల్లలు వేలమంది.

మొదటి జాబితా వస్తుంది. అందులో బిడ్డ పేరు ఉండదు. సీటు వచ్చిందని లేదు, ఇక రాదని కూడా లేదు. తరువాతి విడత దాకా ఆగవలసినదే. "రాదు" అంటే ఒకరోజు ఏడ్చి ఊరుకుంటారు. "ఆగండి" అన్నప్పుడే ఇంట్లో నిద్ర పట్టదు. ఈ నెల మేము ఆ ఇళ్లను తలంచుకొని వ్రాస్తున్నాము.

మొదట ఈ జాబితా అంటే ఏమిటో తెలుసుకుందాం. అది బిడ్డ తెలివిని తూచే త్రాసు కాదు. ఉన్న సీట్లకు మార్కులను, రిజర్వేషన్లను బట్టి వరుసగా పేర్లు తీస్తారు. పేరు వచ్చినవారిలో కొందరు సర్టిఫికెట్ల పరిశీలనకు రారు. కొందరు వేరే కాలేజీలో చేరిపోతారు. అలా మిగిలిన సీట్లకే తరువాతి విడత పిలుపు వస్తుంది. ఎన్ని మిగులుతాయో ముందుగా ఎవరూ చెప్పలేరు. కనుక "నాకు తెలిసినాయన ఉన్నాడు, చూసుకుంటాడు" అని డబ్బు అడిగేవారి మాట నమ్మవద్దు. ఎంపిక మార్కుల మీద జరిగేదే.

మరి ఆగేదెలా? మన జిల్లాలో శ్రీరాంసాగర్ కాలువల క్రింద, డి-83, డి-86 చివరి భూముల రైతులను చూడండి. నీళ్లు ముందు పైవారికి అందుతాయి. చివరి పొలానికి ఎప్పుడొస్తాయో తెలియదు. అయినా ఆ రైతు గట్టు మీద కూర్చొని కాలువ వంక చూస్తూ ఉండడు. నారు పోసుకుంటాడు, గట్లు సరిచేసుకుంటాడు. నీళ్లు రాకపోతే ఏ ఆరుతడి పంట వేయాలో కూడా ఆలోచించి పెట్టుకుంటాడు. ఎదురుచూడడం అంటే చేతులు కట్టుకొని కూర్చోవడం కాదని అతనికి ఎవరూ నేర్పనక్కరలేదు.

విద్యార్థి కూడా అలాగే చేయాలి. దగ్గరలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇప్పుడే చేరాలి. ఖర్చు తక్కువ, పాఠాలు పోవు. ప్రైవేటు కాలేజీ అయితే డబ్బు కట్టకముందే ఒక మాట అడగండి: "బాసరలో సీటు వస్తే ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇస్తారా? కట్టిన డబ్బులో ఎంత వాపసు వస్తుంది?" నోటి మాటగా కాక కాగితం మీద వ్రాయించుకోండి. మార్కుల మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ పత్రాలు జిరాక్సులతో సహా ఒకే సంచిలో ఉంచండి. దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబరు పనిచేస్తూ ఉండాలి. రీఛార్జి అయిపోయి కబురు అందకపోతే వచ్చిన సీటు కూడా పోవచ్చు.

ఇతర దారులు కూడా తెలుసుకొని ఉండాలి. పాలిసెట్ వ్రాసినవారు పాలిటెక్నిక్‌లో చేరవచ్చు. మూడేళ్ల డిప్లొమా తరువాత ఈసెట్ వ్రాసి నేరుగా బీటెక్ రెండవ సంవత్సరంలో ప్రవేశించవచ్చు. ఇంటర్ చదివి ఎప్‌సెట్ వ్రాస్తే మన జిల్లాలోని మంథని జేఎన్టీయూ కాలేజీ కూడా ఉన్నది. బాసర ఒక మంచి దారి, కాని ఒకే దారి కాదు.

ఇక పెద్దలతో ఒక మాట. ఆదివారం ఆరాధన కాగానే గుడి ముందరనే "మీ బిడ్డకు బాసరల సీటచ్చిందా అక్కా?" అని అడుగుతాము. ప్రేమతోనే అడుగుతాము. కాని ఆ పిల్ల పక్కనే నిలబడి తల దించుకుంటుంది. పదిమంది అడిగితే పదిసార్లు దించుకుంటుంది. దానికి బదులు "కాలేజీ ఎట్లున్నది బిడ్డా?" అని అడుగుదాం. తండ్రులు పక్కింటి పిల్లవాడితో పోల్చి మాట్లాడవద్దు. "నీ కోసం ఇంత అప్పు చేసినం" అనే మాట ఇప్పుడు అసలే వద్దు.

ఇది చిన్న సంగతి కాదు. 2019 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు వాటిలో తప్పులు బయటపడ్డాయి. తప్పినవారందరి జవాబు పత్రాలను మరల పరిశీలిస్తే వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులని తేలింది. కాని అప్పటికే ఇరవైమందికి పైగా బిడ్డలను తలిదండ్రులు పోగొట్టుకున్నారు. ఒక కాగితం మీద ఈ రోజు కనబడేది ఆఖరి మాట కాదని ఆ పిల్లలకు చెప్పేవారు ఆ ఘడియలో పక్కన లేకపోయారు. మీ బిడ్డ అన్నం మానినా, మాట మానినా, "నేను ఉండి ఏం లాభం" అన్నా తేలికగా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ వారి 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోన్ చేయడం విశ్వాసం తక్కువై కాదు.

యోసేపును పానదాయకుల అధిపతి మరచిపోయాడు. అతడు ఇంకా రెండేళ్లు చెరసాలలోనే ఉండవలసి వచ్చింది. ఆ చెరసాలలో పనులన్నీ జరిగింది అతని చేతుల మీదుగానే. మరచిపోయినవాడు మనుష్యుడు, దేవుడు కాదు.

రెండవ జాబితా వచ్చే రోజున ముందు ఇంటిల్లిపాదీ కలిసి కూర్చొని అన్నం తినండి. పేరు ఉన్నా లేకున్నా మరునాడు ఉదయం బిడ్డ ఏ కాలేజీకి వెళ్లాలో అప్పుడే మాట్లాడుకోండి. ఆ తరువాత ఫోన్ తీసి చూడండి.